పదకొండు స్నానాల మొక్కు

మైలవరం,
10 నవంబరు 2024, ఆదివారం.

చిరంజీవి భానుశ్రీకి,

మైలవరం పాత బస్టాండు వెనక వీధిలో ఉండే రావమ్మను, కీర్తిశేషులు వీరరాఘవయ్య గారి భార్యను, వయస్సు డెబ్బై ఆరు, ఇంట్లో నేనొక్కదాన్ని, దొడ్లో రెండు గేదెలు, ఊరవతల నాలుగెకరాల మామిడి తోట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయిస్తున్న ఉత్తరం. రాస్తున్నది రిజిస్ట్రారు ఆఫీసు ముందు నలభై ఏళ్ళు దస్తావేజులు రాసి మానుకున్న బసవపున్నయ్య. నాకు అక్షరం రాదు. జ్ఞాపకం మాత్రం మీ ఇంటిల్లిపాదికీ కలిపి ఉన్నంత ఉంది.

ఫోను చెయ్యొచ్చుగా నాయనమ్మా అంటావు. మీ తాత తమ్ముడు తోట గట్టు మీద నిలబడి, "వదినా, ఆ నాలుగడుగులూ నీవే" అన్నాడు. గట్టు విన్నది, గాలి విన్నది. కోర్టులో రెండూ నోరు విప్పలేదు. అప్పటి నుంచి నా మాట కాయితం మీదే, సాక్షుల ముందే. బసవపున్నయ్య దీన్ని ఫొటో తీసి నీ ఫోనుకు పంపుతాడు. నువ్వూ కాయితం మీద నీ చేత్తో రాసి అలాగే పంపు. టైపు కొట్టినదాన్ని నేను ఉత్తరంగా ఒప్పుకోను.

ఇక సంగతి. నిన్న మధ్యాహ్నం విజయవాడ నుంచి మీ అమ్మ కారులో దిగింది. నేను మజ్జిగ చిలుకుతున్నాను. హైమవతి గుమ్మంలోనే అందుకుంది: "అత్తయ్య గారూ, మీ మొక్కు కోసం ఎదిగిన పిల్లను గోకర్ణం పంపించారు, మంచిదే, నేను కాదంటానా? ముందు నాతో ఒక్క మాట చెప్తే ఏం పోయిందండీ?"

ఏ మొక్కే? కార్తీకమాసంలో పదకొండు రోజులు గోకర్ణంలో సముద్రస్నానం చేస్తానని నేను మొక్కుకున్నానట. మోకాళ్ళు వంగక నా బదులు నిన్ను పంపానట. నా మోకాళ్ళకేమొచ్చింది? మొన్న నేనే అటకెక్కి ఆవకాయ జాడీ దింపి నీ చేతిలో పెట్టాను. అది కూడా మొక్కులోకే పోయిందన్నమాట.

నేను అవుననలేదు, కాదనలేదు. కవ్వం తిప్పుతూ ఉండిపోయాను. కాపురానికొచ్చినప్పటి నుంచి నేను మాట లేక ఊరుకోవడం అదే మొదలు. మీ అమ్మ హడలిపోయి, "ఒంట్లో బాగాలేదా అత్తయ్య గారూ" అని నుదురు పట్టుకు చూసింది.

తర్వాత ఫోను తీసి ఫొటోలు చూపించింది. ముగ్గురాడపిల్లలు, ముగ్గురి వీపుల మీదా మూటలు. వన్‌టౌన్‌లో బస్తాలు మోసే ముఠావాళ్ళయినా అంత వంగరు. నిన్ను చదివించి ఆడిటరు ఆఫీసులో కూర్చోబెట్టింది ఇందుకా? పెట్టె లేకపోతే మీ తాత రేకు పెట్టె ఇక్కడే ఉంది కదే. ఇంకో దాంట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య వల కట్టి, కాయలు కోసే చిక్కంలో పడ్డ మామిడికాయలా ముడుచుకుని ఉన్నావు. "పాపం, సత్రంలో మంచాలు కూడా లేవు, మీ మొక్కు కోసం ఎంత అవస్థపడుతుందో" అని మీ అమ్మ కళ్ళొత్తుకుంది.

ఈ ఊళ్ళో రావమ్మ అన్నదంటే అన్నదే. అలాంటి నా పేరు మీద, దేవుడి దగ్గర, లేని మాట పుట్టించావు. సంజాయిషీ రాయి. లేదా ఉన్నది ఉన్నట్టు మీ నాన్నకు చెప్పేస్తాను. రేపటికి రైల్లో ఉంటావు.

ఇట్లు,
రావమ్మ వేలిముద్ర.
సాక్షులు: వెంకటప్పయ్య, పాలు పట్టుకెళ్ళడానికి వచ్చి ఉన్నవాడు. మాణిక్యమ్మ, ఎదురింటావిడ.

లేఖరి మనవి: మనవరాలిని ఉద్దేశించి రావమ్మ గారన్న మూడు మాటలు రాయలేదు. దస్తావేజులో చెల్లవు.


గోకర్ణం, సముద్రపు ఒడ్డు,
11 నవంబరు, సోమవారం.

నాయనమ్మకు,

నమస్కారాలు కాదు, సాష్టాంగం. బసవపున్నయ్య తాతయ్యా, దయచేసి ఇది నాయనమ్మ చెవి దగ్గర మాత్రం చదవండి. అరుగు మీద వద్దు.

తప్పే. కానీ ఎలా జరిగిందో విను. అమ్మను నాలుగుసార్లు అడిగాను. మొదటిసారి "ఒక్కదానివేనా" అంది. రెండోసారి నా స్నేహితురాళ్ళు సుస్మిత, చిన్ని వస్తున్నారన్నాను, "ముగ్గురాడపిల్లలేనా" అంది. మూడోసారి "పెళ్ళయ్యాక మీ ఆయనతో వెళ్ళు" అంది. నాలుగోసారి నోట్లోంచి "నాయనమ్మ మొక్కు" అని జారిపోయింది. అంతే! అమ్మ పులిహోర కలపడానికి లేచింది, నాన్న టిక్కెట్లు తీశాడు. పదకొండు రోజులన్నది నాకు దొరికిన సెలవు. నీ పేరుకి అంత బలముందని నాకూ అప్పుడే తెలిసింది.

ఇది సత్రం కాదు నాయనమ్మా. ఊరికీ గుడికీ అవతల, కొండ దిగి వస్తే ఒడ్డున ఏడు తాటాకు పాకలు. ఇసుకలో చక్రాల పెట్టె కదలదు, అందుకే వీపు సంచులు. అవి డబ్బు లేక కాదు, సరదాకి. ఆ వల మంచం లేక కాదు, అదీ సరదాకే. ఇక్కడ ఎవరికీ ఏ పనీ ఉండదు. పొద్దెక్కి లేస్తాం, అంతోని టీ తెస్తాడు. నీళ్ళలో పడతాం, బయటికొస్తాం, ఉయ్యాలలో పడతాం. గడియారం చూసుకుంటే అంతోని ఒప్పుకోడు, లాక్కుని డబ్బాలో వేస్తాడు. మొదటిరోజు ఉయ్యాల ఎక్కబోయి రెండుసార్లు బోర్లా పడితే అంతోనియే చెయ్యి పట్టుకుని నేర్పాడు. అక్టోబరు నెలంతా ఆఫీసులో రాత్రీపగలూ లెక్కలు చూసి చూసి, కళ్ళు మూసుకున్నా అంకెలే కనపడేవి. మొన్నటి నుంచి కనపడటం లేదు.

పద్దెనిమిదో తారీఖు రైలెక్కేస్తాను. అప్పటిదాకా నాన్నకు చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ భాను.


మైలవరం,
12 నవంబరు, మంగళవారం.

భానుశ్రీకి, పైన చెప్పిన రావమ్మ చెప్పి రాయిస్తున్నది.

నీ ఉత్తరం అరుగు మీదే చదివించాను. సాక్షులు సగం కథ విని సంతకం పెట్టరు. చెవి దగ్గర చదవమన్న ముక్క కూడా బసవపున్నయ్య గట్టిగానే చదివాడు. ఉన్నదున్నట్టు చదవడం ఆయన వృత్తిధర్మం.

తీర్పు వినుకో. మొక్కంటే సెలవు చీటీ కాదు. నేను మొక్కలేదు గాని, మొక్కానని మా కోడలు నమ్మింది, నా కొడుకు నమ్మాడు, మీ అమ్మ ఫోన్ల పుణ్యమా అని విజయవాడలో మన బంధువులందరూ నమ్మారు. తీర్చని మొక్కు నా నెత్తిన కూర్చుంది. పోనీ నువ్వయినా స్నానం చేస్తున్నావా? పొద్దెక్కి లేస్తామని నువ్వే రాశావు. కార్తీక స్నానం సూర్యుడు రాకముందు. వచ్చాక మునిగితే అది స్నానం కాదు, ఒళ్ళు తడుపుకోవడం.

లెక్క కూడా చెప్తున్నా. ఒక్క రోజు తప్పినా మళ్ళీ ఒకటి నుంచి మొదలు. మీ నాన్న కడుపులో ఉన్నప్పుడు ఆంజనేయస్వామికి నలభై రోజుల ప్రదక్షిణలు మొక్కాను. ముప్పై ఎనిమిదో రోజు జ్వరమొచ్చి ఒళ్ళు తెలియకుండా పడున్నాను. మర్నాడు ఒకటి అని మొదలుపెట్టాను. పూజారి, "ఫర్వాలేదమ్మా, స్వామి ఏమీ అనుకోడు" అన్నాడు. "నీకూ స్వామికీ ఫర్వాలేదు, మొక్కింది నేను" అన్నాను. మీ నాన్న పుట్టేనాటికి రెండో లెక్కలో ఇరవై రెండో రోజు.

ఇంకొకటి. అంతోని ఎవరు? కాయితానికి ఒక్క పక్కే రాశావు, అందులో మూడుసార్లు వచ్చాడు. టీ తెస్తాడు, గడియారం లాక్కుంటాడు, చెయ్యి పట్టుకుంటాడు. దేవుడి పేరు ఒక్కసారీ రాలేదు. వాడి వయసెంత, పనేమిటి, తల్లిదండ్రులున్నారా? దాచకుండా రాయి.

రావమ్మ వేలిముద్ర.
సాక్షులు: వెంకటప్పయ్య. మాణిక్యమ్మ. అంతోని విషయంలో తనకు మొదటి నుంచీ అనుమానమేనని మాణిక్యమ్మ గారు ప్రత్యేకంగా రాయమన్నారు. మొదలు అంటే పది నిమిషాల కిందట.


గోకర్ణం,
13 నవంబరు, బుధవారం.

నాయనమ్మకు,

ఇవాళ కొంప మునిగింది. ముందు అది రాస్తాను. నాన్న ఫోను చేసి, "అమ్మ మొక్కు ఎలా జరుగుతోంది?" అన్నాడు. బాగా జరుగుతోందన్నాను. "అయితే ఆదివారం మీ అమ్మా నేనూ కారులో వస్తాం. పురోహితుణ్ణి మాట్లాడిపెట్టు. ముందు రేపు అమ్మకు ఫోను చేసి మొక్కు విధానం కనుక్కుంటాను" అన్నాడు. నా కాళ్ళకింద ఇసుక జారింది. ఇక్కడ పురోహితుడు లేడు నాయనమ్మా, గిటారు వాయించే వాళ్ళిద్దరున్నారు.

నాన్న వచ్చి చూశాడంటే ఇక జన్మలో నన్ను బందరు కాలవ దాటనివ్వడు. నీకిది నవ్వులాట కావచ్చు గాని, నా డబ్బుతో నేను, నా స్నేహితులతో నేను, జీవితంలో మొదటిసారి వచ్చాను. రేపు నాన్న ఫోను చేస్తే ఒక్క మాట "నిజమే" అను. ఒక్క మాట. నీ జన్మలో ఇంకేమీ అడగను.

స్నానం గురించి: రోజూ చేస్తున్నాను. పది గంటలకు. ఒళ్ళు తడుపుకోవడమే, ఒప్పుకుంటున్నాను.

అంతోని గురించి నువ్వు కంగారుపడకు, చాలా మంచివాడు. తెలుగు కూడా వచ్చు, ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. ఈ పాకలు ఏడూ సొంతం. నీ ఆవకాయ రుచి చూసి చేపల వేపుడులో కలుపుకుని సగం జాడీ ఖాళీ చేశాడు. కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. "మీ నాయనమ్మని చూడాలి, ఒక మాట అడగాలి" అంటున్నాడు. ఏమిటంటే, "అది పెద్దావిడనే అడగాలి, నీకు చెప్పకూడదు" అన్నాడు.

భాను.


మైలవరం,
14 నవంబరు, గురువారం.

భానుశ్రీకి, రావమ్మ చెప్పి రాయిస్తున్నది. ఇది తొందర ఉత్తరం, మధ్యలో అడ్డురావద్దని బసవపున్నయ్యకు చెప్పాను.

పొద్దున మీ నాన్న ఫోను చేశాడు. కొట్టులో పైపులు దింపుతున్న చప్పుడు మధ్య, "అమ్మా, గోకర్ణం మొక్కు నిజమేనా? హైమకి నువ్వేమీ చెప్పలేదట" అన్నాడు.

నేను డెబ్బై ఆరేళ్ళలో అబద్ధం ఆడలేదు. నాలుగడుగుల నేల పోతుంటే కూడా ఆడలేదు. ఆ రోజు మా ప్లీడరు, "మీ ఆయన కూడా విన్నాడని చెప్పండమ్మా, గెలుస్తాం" అన్నాడు. ఆయన వినలేదు, నూజివీడు పోయాడు. నేను చెప్పలేదు. నేల పోయింది. ఇప్పుడు నీ ఉయ్యాల కోసం ఆడతానా?

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అంకెలు కనపడటం మానాయని నువ్వు రాసిన ముక్క ఎందుకో గుర్తొచ్చింది. "ఉండరా, వస్తున్నా" అన్నాను. ఫోను పీట మీద పెట్టాను. లోపలికి వెళ్ళి, దేవుడి గూటి ముందు నిలబడి, "స్వామీ, పదకొండు రోజులు గోకర్ణంలో సముద్రస్నానం చేస్తాను, నా పిల్లలు చల్లగా ఉండాలి" అని నోరారా మొక్కాను. మళ్ళీ వచ్చి ఫోను తీశాను. "ఒరేయ్ వెంకటసుబ్బారావూ, మొక్కు నిజమే. ఇంకొకళ్ళ చేత చేయిస్తే ఫలితం చాలదు, నేనే వెళ్తున్నా. నువ్వు రానక్కర్లేదు, కొట్టు చూసుకో" అన్నాను. "మోకాళ్ళో?" అన్నాడు. "వాటినీ తీసుకెళ్తున్నా" అన్నాను.

కాబట్టి మొక్కు నిజం. పుట్టడం కాస్త ఆలస్యమైంది. ఇక నేను వచ్చి తీర్చకపోతే అబద్ధాలకోరును నేనే అవుతాను.

రేపు సాయంత్రం హుబ్లీ వెళ్ళే రైలు. విజయవాడ స్టేషనులో మీ నాన్న ఎక్కిస్తాడు. హుబ్లీ నుంచి బస్సు. శనివారం మధ్యాహ్నానికి గోకర్ణం బస్టాండులో నువ్వు నిలబడి ఉండాలి. అడగబోయే మాట సిద్ధంగా పెట్టుకోమని అంతోనికి చెప్పు. పెద్దావిడనే అడగాల్సిన మాటలు లోకంలో ఎన్నో ఉండవు. మీ తాత చేతికర్ర తెస్తున్నాను.

రావమ్మ వేలిముద్ర.
సాక్షులు: మాణిక్యమ్మ. వెంకటప్పయ్య, గేదెల్ని చూసుకోవడానికి ఒప్పుకున్నవాడు, భయంతో.


విజయవాడ,
20 నవంబరు, బుధవారం.

నాయనమ్మకు,

నేను ఆఫీసులో ఉన్నాను. నువ్వు ఒడ్డున ఉన్నావు. ఈ వాక్యం రాసి ఐదు నిమిషాలు చూస్తూ కూర్చున్నాను.

వచ్చేటప్పుడు రైలు తొందరలో చెప్పలేదు, అందుకని ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు కర్ర పట్టుకుని కొండ దిగి, "ఏడీ వాడు?" అంటుంటే, సుస్మిత మా పాకలో దాక్కుంది. పొయ్యి దగ్గర నుంచి అంతోని లేచి కుంటుకుంటూ రావడం, నువ్వు ఆయన తెల్ల గడ్డాన్నీ మోకాలి పట్టీనీ చూసి, "మీ అబ్బాయిని పిలవండి" అనడం, "నాకు అబ్బాయి లేడమ్మా, నేనే అంతోని" అనడం ఈ జన్మకు మరిచిపోను. వయసెంతని నువ్వు అడిగావు, నేను రాయడం మరిచాను. అరవై నాలుగు. గుంతకల్లు రైల్వే క్యాంటీనులో పన్నెండేళ్ళు వంట చేశాడనీ, తెలుగు అక్కడే నేర్చుకున్నాడనీ కూడా రాయలేదు. నాకు ఉయ్యాల కనపడితే మిగతావి కనపడలేదు.

ఆయన అడిగిన మాట ఆవకాయలో ఆవపిండి పాళ్ళేనని తెలిశాక నీ మొహం చూడాలి. కర్ర పక్కన పెట్టేశావు. ఇరవై ఏడేళ్ళుగా మా అమ్మకు చెప్పని పాళ్ళు రెండు నిమిషాల్లో ఆయనకు చెప్పేశావు. ఈ సంగతి నేను అమ్మకు చెప్పలేదు. చిన్ని ఫొటోతో సహా పంపేసింది. అమ్మ అన్నం మానేసింది, రాత్రికి తినేసింది.

ఆదివారం తెల్లవారకముందే మా ముగ్గుర్నీ కాళ్ళు పట్టి లాగి నీళ్ళలో ముంచావు. చలికి పళ్ళు టకటకలాడుతుంటే "ఒకటి!" అని అరిచావు. ఆ ఎర్రజుట్టు పోలండు పిల్ల ఏమిటో వ్యాయామం అనుకుని మనతోపాటు మునిగింది. మర్నాడు తొమ్మిదిమంది వచ్చారు. నిన్నటికి ఎంతమందో చిన్ని రాయలేదు.

అసలు సంగతి. నాన్న రోజూ అడుగుతున్నాడు. చిన్నికి లాప్‌టాప్ పని కాబట్టి ఆఖరిదాకా నీతోనే ఉంటుందని చెప్పాను. ఇరవై ఏడుకి పదకొండూ పూర్తి, ఇరవై ఎనిమిదికి రైలు, టిక్కెట్టు తీశాడు. నల్ల గేదె వెంకటప్పయ్యకు పాలివ్వడం లేదట. నీ ఆకుపచ్చ చీర చుట్టుకుని కూర్చుంటే ఇచ్చిందట. మాణిక్యమ్మ గారు సాక్షి.

జాగ్రత్త. ఉయ్యాల ఎక్కేటప్పుడు ముందు కూర్చో, తర్వాత కాళ్ళు.

భాను.


గోకర్ణం,
26 నవంబరు 2024, మంగళవారం.

చిరంజీవి భానుశ్రీకి,

మైలవరం కాపురస్తురాలు, ప్రస్తుతం గోకర్ణం సముద్రపు ఒడ్డున మూడో పాకలో ఉంటున్న రావమ్మను, వయస్సు డెబ్బై ఆరు, కుటుంబంలో నేను, చిన్ని, ఒక కుక్క, నా పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయిస్తున్న ఉత్తరం. రాస్తున్నది చిన్ని. దస్తూరి కోడి కెలికినట్టుందని అంతోని అంటున్నాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు, అయినా చెప్పగలిగాడు.

ఉయ్యాల ఎక్కడం నాకు నేర్పకు. నేను మొదటిసారే ఎక్కాను, పడలేదు. మీ తాత పోయిన ఈ పద్నాలుగేళ్ళలో, ఆ మాటకొస్తే ఆయనున్నప్పుడూ, నేను పగలు నడుం వాల్చి ఎరగను. వాలిస్తే గేదె అరుస్తుంది, లేదా పాలకెవరో వస్తారు, లేదా తోటలో కోతులు. ఇక్కడ గేదె లేదు. కోతులున్నాయి గాని అవి అంతోనివి. చిక్కంలో పడ్డ మామిడికాయ అని నిన్ను వెక్కిరించాను. చెట్టు నుంచి తెగిన కాయ నేల తగలకుండా చిక్కంలో పడితే దానికెంత హాయిగా ఉంటుందో డెబ్బై ఆరేళ్ళు కాయలు కోయించినదాన్ని, నాకు తెలియలేదు.

మీ నాన్నకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. నువ్వే చెప్పు, నిదానంగా, అన్నం తిన్నాక.

నిన్న తొమ్మిదో రోజు. కార్తీక సోమవారం కూడా, ఆఖరిది. తెల్లవారకముందు నీళ్ళలో ఉండాల్సినదాన్ని, ముందురోజు రాత్రి పాకలో ఉక్కగా ఉందని ఉయ్యాలలో పడుకున్నాను. కళ్ళు తెరిచేసరికి సూర్యుడు కొబ్బరిచెట్ల మీదున్నాడు. పోలండు పిల్లా ఆమె జట్టూ నేను లేకుండానే మునిగి, తొమ్మిది అని అరిచి, వెళ్ళి దోశలు తింటున్నారు. వాళ్ళ లెక్క వాళ్ళది. నాది తప్పింది.

ఫర్వాలేదు అనకండి ఎవరూ. నా చేత ఎవరూ అనిపించలేని మాట అది. తప్పితే ఒకటి నుంచి మొదలు. కాబట్టి ఇవాళ తెల్లవారుజామున మునిగి "ఒకటి" అన్నాను. డిసెంబరు ఆరుకి పదకొండు. కార్తీకం అయిపోతుంది కదా అని మీ అమ్మ అడుగుతుంది. దేవుడి గూటి ముందు నిలబడ్డప్పుడు నేను నెల పేరు చెప్పలేదు. టిక్కెట్టు రద్దు చేయించమను. వెంకటప్పయ్యను ఆ చీర ఉతక్కుండా కట్టుకోమను, ఉతికితే గేదె వాసన పట్టదు. మీ అమ్మకు ఆవపిండి పాళ్ళు నేనే చెప్తాను, వచ్చాక. అంతోనికి చెప్పిన వాటిలో ఉప్పు ఒక గిద్దెడు తక్కువ చెప్పాను. ఆ సంగతి ఆమెకొక్కదానికే చెప్పు, సంతోషిస్తుంది.

నీకొక మాట. ఇకముందు నా పేరు వాడుకోవాలనుకుంటే ముందు నన్నడుగు. అడిగితే కాదంటానేమో అనుకున్నావు. అడిగి చూడలేదుగా.

రావమ్మ వేలిముద్ర. సిరా దొరక్క ఆవకాయ నూనెతో వేసినది.
సాక్షులు: అంతోని. ఎర్రజుట్టు పిల్ల, ఆమె పేరు ఆమె భాషలో.

రాసినదాని మనవి: భానూ, నిన్న నాలుగున్నరకే నేను వెళ్ళి లేపాను. ఒక కన్ను తెరిచి సముద్రం వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ మూసుకుంది. ఇది నాయనమ్మకు చదివి వినిపించలేదు. సాక్షులకు తెలుగు చదవడం రాదు.
— చిన్ని.